తాగుడు మాన్పించడం ఒక్క ఇల్లాలి పనేనా?

(రేడియో మహిళా కార్యక్రమంలో ప్రసంగం)



ఈవేళ మనం మాట్లాడుకోబోయేది చాలా ఇళ్ళల్లో గుట్టుగా ఉండిపోయే విషయం. పిల్లవాడికి జ్వరం వస్తే పక్కింటావిడతో చెప్పుకుంటాం. ఇంట్లో ఎవరికైనా షుగరు ఉన్నదని తెలిస్తే నలుగురినీ అడిగి పథ్యం కనుక్కుంటాం. ఇంటాయన తాగి వస్తున్నాడంటే మాత్రం ముందు కిటికీ తలుపులు వేసుకుంటాం. మాట బయటికి పొక్కితే పరువు పోతుందన్న భయం ఒకటి. దానికి తోడు, "ఆవిడ సరిగ్గా కనిపెట్టుకుని ఉంటే ఆయన ఇలా తయారయ్యేవాడా?" అనే చుట్టాల ఎత్తిపొడుపు ఇంకొకటి. తాగేది ఒకరు, తలవంచుకునేది మరొకరు!

మలేరియా సంగతి తీసుకోండి. జ్వరం వచ్చినవాడికి మందు ఇవ్వడం డాక్టరు పని. దోమతెర కట్టుకోవడం ఇంటివాళ్ళ పని. కాని వీధిలో నీరు నిలవకుండా చూడవలసింది మునిసిపాలిటీవారు. ఈ మూడోది జరగకపోతే మొదటి రెండూ ఎన్నిసార్లు చేసినా జ్వరాలు వస్తూనే ఉంటాయి. మలేరియా వచ్చినవాడిని "నీకు బుద్ధి లేదు" అని ఎవరూ తిట్టరు కద! తాగుడు విషయంలో మాత్రం తాగేవాడి బుద్ధినీ, అతని భార్య ఓర్పునూ తప్ప మూడోదాన్ని చూడం. సీసా ఎంత చవకగా దొరుకుతున్నది, ఎంత దగ్గరలో దొరుకుతున్నది, ఎన్నిగంటల వరకు దొరుకుతున్నది, ఎవరు దాన్ని అందంగా చూపించి ఊరిస్తున్నారు అనేవి వీధిలో నిలిచిన నీటిలాంటివి. వీటిని సరిచేయడాన్నే ప్రజారోగ్య దృష్టి అంటారు.

ఎంత తాగితే ఎంత?

ముందుగా కొలతలు తెలుసుకుందాం. వంటింట్లో గరిటె, గ్లాసు, సోల లెక్కలు మనకు కొత్త కావు. ఇదీ అలాంటిదే.

మన దేశంలో అమ్మే విస్కీ, బ్రాందీ, రమ్ములలో సాధారణంగా నూటికి సుమారు 43 పాళ్ళు ఆల్కహాలు ఉంటుంది. చిన్న పెగ్గు అంటే 30 మిల్లీలీటర్లు. అందులో ఉండే ఆల్కహాలు బరువు దాదాపు 10 గ్రాములు. మగవాళ్ళు "క్వార్టరు" అనే సీసా 180 మిల్లీలీటర్లు. అంటే ఆరు చిన్న పెగ్గులు, 60 గ్రాముల ఆల్కహాలు.

"నేను తాగేది బీరే, అది మందు కిందికి రాదు" అనేవారు చాలామంది ఉన్నారు. 650 మిల్లీలీటర్ల పెద్ద సీసాలో నూటికి 5 పాళ్ళ మామూలు బీరు ఉంటే అది రెండున్నర పెగ్గులకు సమానం. "స్ట్రాంగు" అని రాసి ఉండే 8 పాళ్ళ బీరయితే ఒక్క సీసా నాలుగు చిన్న పెగ్గుల పెట్టు! రెండు సీసాల స్ట్రాంగు బీరు తాగి వచ్చినాయన క్వార్టరు దాటి తాగి వచ్చినట్టే. "ఖరీదైన సరుకు కాబట్టి ఏమీ చేయదు" అనే మాట కూడా వింటూ ఉంటాం. నిజానికి సీసా మీద బొమ్మ మారుతుంది గాని లోపలి ఆల్కహాలు ఒక్కటే. కాలేయానికి బ్రాండు తెలియదు.

మరొకటి కూడా గుర్తుంచుకోండి. ఒక చిన్న పెగ్గులోని ఆల్కహాలును శరీరం వదిలించుకోవడానికి ఇంచుమించు గంట పడుతుంది. మజ్జిగ తాగినా, నిమ్మకాయ పిండినా, కాఫీ పట్టినా, చన్నీళ్ళు పోసినా ఆ గంట తగ్గదు. రాత్రి పదకొండు గంటలకు క్వార్టరున్నర తాగినాయన పొద్దున్నే ఏడింటికి పిల్లలను స్కూటరు మీద బడికి దింపడానికి బయలుదేరితే, అతని రక్తంలో ఇంకా మత్తు ఉండే అవకాశం ఉన్నది. నిద్ర లేచాడు కాబట్టి దిగిపోయిందని అనుకోకూడదు.

నష్టం ఎవరికి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ఒక నివేదిక ప్రకటించింది. 2019వ సంవత్సరంలో మద్యం కారణంగా ప్రపంచంలో 26 లక్షలమంది చనిపోయారని అందులో లెక్క కట్టారు. అందులో సుమారు 16 లక్షలు గుండె జబ్బులు, కాలేయవ్యాధులు, క్యాన్సరు వంటి దీర్ఘరోగాల వల్ల, 7 లక్షలు ప్రమాదాలు, కొట్లాటలు, ఆత్మహత్యల వల్ల, 3 లక్షలు క్షయ వంటి అంటురోగాల వల్ల. మద్యం క్యాన్సరు కలిగించే పదార్థమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 1988లోనే తేల్చింది. నోరు, గొంతు, అన్నవాహిక, కాలేయం, పెద్దపేగు, ఆడవాళ్ళలో రొమ్ము, వీటి క్యాన్సర్లకూ మద్యానికీ సంబంధం ఉన్నది. గర్భిణీ స్త్రీకి ఇంత వరకు ఫరవాలేదు అనే కొలతే లేదు. ఒక్క గుక్క కూడా పనికిరాదు.

మన సంగతి చూస్తే, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద పదిహేనేళ్ళు దాటిన మగవారిలో నూటికి సుమారు 19 మంది మద్యం తాగుతామని చెప్పారు. తెలంగాణలో ఆ సంఖ్య 43. అరుణాచల్ ప్రదేశ్ తర్వాత రాష్ట్రాలన్నింటిలోకీ ఎక్కువ ఇక్కడే.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. ఊళ్ళో "తాగుబోతు" అని ముద్ర పడినవాళ్ళు పదిమంది ఉన్నారనుకోండి. శనివారం సాయంత్రాలు సరదాకు తాగేవాళ్ళు వందమంది ఉన్నారనుకోండి. ఒక్కొక్కరిని తీసుకుంటే ఆ పదిమందికే ప్రమాదం ఎక్కువ. కాని ఊరి మొత్తం మీద జరిగే స్కూటరు ప్రమాదాలు, చెయ్యి చేసుకోవడాలు, ఉద్యోగానికి ఎగనామాలు, నోట్లు ఖర్చయిపోయి ఫీజులు కట్టలేకపోవడాలు లెక్క వేస్తే అందులో పెద్ద వాటా ఆ వందమందిదే అవుతుంది. అందుచేత ముద్ర పడినవారిని మాత్రమే పట్టుకుని మందలిస్తే చాలదు. అందరూ తాగే మొత్తాన్నే కొంచెం కొంచెం దించగలిగితే ఊరు బాగుపడుతుంది. ఉప్పు తగ్గిస్తే రక్తపోటు ఉన్నవాడికే కాదు, ఇంటిల్లిపాదికీ మంచిదే కద, అలాగన్నమాట.

నెల్లూరు ఆడపడుచులు నేర్పిన పాఠం

ఈ సంగతిని పుస్తకాలు చదవకుండానే గ్రహించినవారు మన తెలుగు ఆడవాళ్ళు. 1990లో నెల్లూరు జిల్లాలో "అక్షరదీపం" పేరున అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. రాత్రిపూట లాంతరు వెలుగులో పలకలు పట్టిన ఆడవాళ్ళు అక్షరాలతోపాటు తమ కష్టాలనూ కలబోసుకున్నారు. అందరి కష్టం చివరికి ఒక్క చోటికే చేరేది. అదే సారా దుకాణం. అప్పట్లో ప్రభుత్వమే సారాను ప్యాకెట్లలో పోయించి ఊరూరా అమ్మించేది. నీళ్ళు రాని ఊళ్ళకు కూడా సారా ప్యాకెట్లు తప్పకుండా వచ్చేవి.

1992లో దూబగుంట గ్రామంలో ఆడవాళ్ళు ఏకమై ఊళ్ళో సారా అమ్మకాన్ని ఆపించారు. వారిలో వర్ధినేని రోశమ్మగారి పేరు దూబగుంట రోశమ్మగా రాష్ట్రమంతా మారుమోగింది. ఆ కథ విని ఊరూరా ఆడవాళ్ళు కదిలారు. సారా పాటలు జరగనివ్వకుండా అడ్డుకున్నారు. చివరికి 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధమైంది. 1994 డిసెంబరులో ఎన్.టి. రామారావుగారు ముఖ్యమంత్రి పదవి చేపట్టగానే సంపూర్ణ మద్యనిషేధం మీద సంతకం చేశారు. 1995 జనవరి 16 నుంచి అది అమలులోకి వచ్చింది. రెండేళ్ళు తిరిగాక 1997లో చంద్రబాబు నాయుడుగారి ప్రభుత్వం దాన్ని సడలించింది. ఖజానాకు రాబడి పోవడం, పొరుగు రాష్ట్రాలనుంచి దొంగరవాణా, నాటుసారా బట్టీలు కారణాలుగా చెప్పారు.

అంతకు ముందూ మన ప్రాంతం నిషేధాన్ని చవిచూసింది. 1937లో రాజాజీ ప్రభుత్వం మదరాసు రాష్ట్రంలోని సేలం జిల్లాలో నిషేధం పెట్టి, మరుసటి సంవత్సరం చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించింది. రాజ్యాంగంలోని 47వ అధికరణం కూడా మత్తుపానీయాల నిషేధానికి ప్రభుత్వాలు ప్రయత్నించాలని చెబుతున్నది.

మరి నిషేధం పెడితే సరిపోతుందా అంటే, మంచీ చెడూ రెండూ చెప్పుకోవాలి. బీహారులో 2016 ఏప్రిల్ నుంచి నిషేధం ఉన్నది. ఆరోగ్య సర్వే అంకెలను పోల్చి 2024లో ప్రచురించిన ఒక పరిశీలన, అక్కడ తరచు తాగే మగవారి సంఖ్యా, భార్యలను కొట్టడమూ తగ్గాయని తేల్చింది. అది చిన్న విషయం కాదు. మరోవైపు అదే బీహారులో 2022 డిసెంబరులో సారణ్ జిల్లాలో కల్తీసారా తాగి డజన్లకొద్దీ మనుషులు చనిపోయారు. కోర్టుల్లో నిషేధం కేసులు గుట్టలు పడ్డాయి. కల్తీసారాలో ఉండే మిథనాలు అనే విషం శరీరంలో ఫార్మిక్ ఆమ్లంగా మారి కంటి నరాన్ని చంపుతుంది. తాగిన వెంటనే ఏమీ తెలియదు. కొన్ని గంటల తర్వాతనో, మరునాడో చూపు మసకబారడం, కడుపునొప్పి, వాంతులు, ఆయాసం మొదలవుతాయి. అప్పుడు "మత్తు దిగలేదు, పడుకోనీ" అనుకోకుండా ఒక్క నిమిషం ఆలస్యం చేయక పెద్దాస్పత్రికి తీసుకుపోవాలి. విరుగుడు వైద్యం ఉన్నది. కాలమే ముఖ్యం.

నెల్లూరు ఉద్యమంలో మనం దాచుకోవలసిన పాఠం నిషేధం ఒక్కటే కాదు. వాళ్ళు "మా ఆయన మారాలి" అని ఇంట్లో ఏడుస్తూ కూర్చోలేదు. "దుకాణం మా ఊళ్ళో ఎందుకుండాలి?" అని వీధిలోకి వచ్చి అడిగారు. చూపు మనిషి మీదనుంచి సీసా మీదకు, సీసా మీదనుంచి అమ్మేవాడి మీదకు మళ్ళింది. ప్రజారోగ్య నిపుణులు చెప్పేదీ అదే.

నిషేధానికీ విచ్చలవిడితనానికీ మధ్య

పూర్తిగా మూసేయడం, పూర్తిగా తెరిచేయడం, ఈ రెండింటికీ మధ్య చాలా మెట్లు ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో అయిదు పనులను ముఖ్యమైనవిగా చెప్పింది. దొరకడాన్ని తగ్గించడం, తాగి బండి నడపడాన్ని అరికట్టడం, సలహా, చికిత్స అందుబాటులోకి తేవడం, ప్రకటనలను ఆపడం, ధర పెంచడం.

ధర సంగతి చూద్దాం. స్కాట్లండులో 2018 మే 1 నుంచి ఒక చట్టం పెట్టారు. ఎనిమిది గ్రాముల ఆల్కహాలును 50 పెన్నీల కన్నా తక్కువకు ఎవరూ అమ్మరాదని అప్పట్లో కట్టడి చేశారు. చవకరకం సీసాల ధర దీనితో పెరిగింది. 2020 చివరి వరకు లెక్క చూస్తే, కేవలం మద్యం వల్లనే వచ్చే మరణాలు, చట్టం లేకపోతే ఉండవలసిన దానికంటే నూటికి 13 చొప్పున తగ్గాయని పరిశోధకులు తేల్చారు. ఎక్కువ మేలు జరిగింది పేద పేటలకే.

"ధర పెంచితే ఆయన తాగుడు మానడు సరికదా, బియ్యం డబ్బులు కూడా తీసుకుపోతాడు" అని మీలో కొందరు అనుకుంటూ ఉండవచ్చు. ఆ మాటలో నిజం ఉన్నది. స్కాట్లండులో కూడా పూర్తిగా బానిసలైనవారిలో కొందరు తిండి ఖర్చు తగ్గించుకుని తాగారే గాని మానలేదు. ధర పెంచడం వల్ల కొత్తగా అలవాటు పడేవాళ్ళు, అప్పుడప్పుడు తాగేవాళ్ళు తగ్గుతారు. ముదిరిపోయినవాడికి ధర మందు కాదు, చికిత్స కావాలి. అందుకే ఒక్క మెట్టుతో మేడ ఎక్కలేమన్నాను. పైగా ధర మరీ పెంచి నిఘా వదిలేస్తే గుడుంబాకు, పొరుగు రాష్ట్రపు సరుకుకు దారి తెరిచినట్టవుతుంది. ధరా, నిఘా జోడెడ్లలాగా కలిసి నడవాలి.

దొరకడం సంగతికి రష్యా మంచి ఉదాహరణ. తాగుడుకు పేరుపడిన ఆ దేశంలో 2000 తర్వాత వోడ్కాకు కనీసధర పెట్టారు, రాత్రిపూట అమ్మకాలు ఆపారు, ప్రకటనలను కట్టడి చేశారు, ప్రతి సీసాకూ లెక్క కట్టారు. 2003కూ 2016కూ మధ్య తలసరి తాగుడు నూటికి 43 పాళ్ళు తగ్గిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తెలిపింది. ఒక్కరోజులో కాదు, ఒక్క చట్టంతోనూ కాదు. పదేళ్ళకు పైగా ఒక్కొక్క మరను బిగిస్తూ పోయారు.

మన దగ్గర దుకాణానికి లైసెన్సు ఉంటుంది, వేళలు ఉంటాయి. కాని అసలు చిక్కు బెల్టు షాపులు. లైసెన్సు దుకాణంనుంచి సరుకు తెచ్చి కిరాణాకొట్టు వెనకా, ఇంటి వసారాలోనూ అమ్మే ఈ చాటు దుకాణాలకు వేళ లేదు, వయసు పట్టింపు లేదు. తెల్లవారుజామున చెయ్యి వణుకుతూ వచ్చేవాడికీ, పదిహేనేళ్ళ కుర్రవాడికీ ఒకేలా అమ్ముతారు.

ప్రకటనల విషయానికొస్తే, టెలివిజనులో మద్యం ప్రకటనలు చూపరాదని నిబంధన ఉన్నది. అందుచేత అదే పేరు, అదే రంగు, అదే గుర్తు పెట్టి సోడా అనీ, మంచినీళ్ళనీ, పాటల సీడీలనీ చూపించడం మొదలుపెట్టారు. పిల్లలతో కూర్చుని క్రికెట్ ఆట చూస్తున్నప్పుడు ఇలాంటిది కనబడితే, "ఇది సోడా గురించి కాదమ్మా, ఆ పేరు నీకు గుర్తుండిపోవాలని చూపిస్తున్నారు" అని ఒక్కమాట చెప్పండి. పిల్లలు చాలా తెలివైనవాళ్ళు, ఇట్టే పట్టుకుంటారు.

ఇక రోడ్డు. మన చట్టం ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలుంటే బండి నడపడం నేరం. 2019లో చేసిన సవరణ తర్వాత మొదటిసారి పట్టుబడితే 10,000 రూపాయల జరిమానా, ఆరునెలల వరకు జైలు, లేదా రెండూ. పోలీసులు ఊదించే యంత్రాన్ని చూసి మగవాళ్ళు విసుక్కుంటారు గాని, ఎప్పుడు ఎక్కడ ఆపుతారో తెలియని ఆ భయమే ఎందరి పసుపుకుంకుమలనో కాపాడుతున్నది.

పావుగంట మాట

తాగుడు ముదిరాక ఆస్పత్రిలో చేర్చడం వరద వచ్చాక ఆనకట్ట కట్టడంలాంటిది. ముందుగానే పసిగట్టడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థవారు పది ప్రశ్నల పట్టిక ఒకటి తయారుచేశారు. దాన్ని "ఆడిట్" అంటారు. ఎన్నాళ్ళకొకసారి తాగుతారు, తాగిన రోజు ఎంత తాగుతారు, మొదలుపెడితే ఆపలేకపోతున్నారా, పొద్దున్నే ఒక గుక్క పడితేగాని పని సాగడం లేదా, రాత్రి జరిగింది గుర్తుండడం లేదా, ఇంట్లోవాళ్ళో డాక్టరో తగ్గించమన్నారా, ఇలాంటి ప్రశ్నలు. వాటికి మార్కులు ఉంటాయి. 8 లేదా అంతకు మించి వస్తే జాగ్రత్త పడవలసిన స్థితి అన్నమాట. రక్తపోటుకో, కడుపులో మంటకో డాక్టరు దగ్గరకు వెళ్ళినప్పుడు ఈ ప్రశ్నలు అడిగి, తిట్టకుండా, వెక్కిరించకుండా పావుగంట మాట్లాడితే చాలామంది తాగేది తగ్గిస్తారని ఎన్నో దేశాల అనుభవం.

ఇందుకు పెద్ద డిగ్రీలు కూడా అక్కరలేదని మన గోవా నిరూపించింది. అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో, మానసిక వైద్యం చదవని మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి, ఎక్కువగా తాగే మగవారితో ఒకటి నుంచి నాలుగుసార్లు మాట్లాడించారు. ఆ ఫలితాలు 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. మూడు నెలల తర్వాత చూస్తే, అలా మాట్లాడించినవారిలో నూటికి 36 మంది ప్రమాదస్థితి దాటి బయటపడ్డారు. మామూలు వైద్యం మాత్రమే పొందినవారిలో 26 మంది. నూటికి పదిమంది ఎక్కువ అంటే పది ఇళ్ళల్లో దీపం నిలబడినట్టు.

కాని మన దేశంలో చికిత్స అందుతున్నది ఎందరికి? అఖిల భారత వైద్యవిజ్ఞాన సంస్థ ఆధ్వర్యాన జరిగి 2019లో వెలువడిన సర్వే ప్రకారం, మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఏదో ఒక చికిత్స పొందుతున్నది ఒక్కరే.

ఇల్లాలు తప్పక తెలుసుకోవలసినవి

ఇప్పుడు చెప్పబోయేవి ప్రాణానికి సంబంధించినవి. జాగ్రత్తగా వినండి.

మొదటిది, రోజూ ఎక్కువగా తాగేవాడు ఉన్నట్టుండి మానేస్తే ప్రమాదం. ఈ మాట వింతగా తోచవచ్చు. ఏళ్ళ తరబడి మత్తుకు అలవాటుపడిన మెదడు, అది హఠాత్తుగా అందకపోతే అదుపు తప్పుతుంది. మొదటిరోజే చేతులు వణకడం, చెమటలు, నిద్ర లేకపోవడం, గుండెదడ. మొదటి రెండు రోజుల్లో ఫిట్సు రావచ్చు. రెండు మూడు రోజులకు లేనివి కనబడడం, వినబడడం, మనుషులను గుర్తుపట్టకపోవడం, ఒళ్ళు కాలిపోవడం జరిగితే అది ప్రాణాంతకం. దయ్యం పట్టిందని తాయెత్తులు కట్టించకండి, వెంటనే ఆస్పత్రికి తీసుకువెళ్ళండి. 2020 మార్చి నెలాఖరులో లాక్‌డౌన్ వల్ల దుకాణాలు, కల్లు కాంపౌండులు మూతబడినప్పుడు హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు ఇలాంటి రోగులు బారులు తీరి వచ్చారు.

మన ఇళ్ళల్లో అయ్యప్ప మాల వేసుకుని మండలం రోజులు మందు ముట్టనివారు ఎందరో ఉన్నారు. అది చాలా మంచిదే. కాని రోజూ క్వార్టరుకు తగ్గకుండా తాగేవారూ, పొద్దున్నే వణుకు వచ్చేవారూ మాల వేసుకునే ముందు డాక్టరుకు చూపించుకుని, మందుల సాయంతో మానడం మంచిది. దీక్ష భంగం కాదు, దీక్ష నిలబడుతుంది. అలాగే ఏ ఆపరేషనుకో, కాలు విరిగో ఆస్పత్రిలో చేరితే, ఆయన ఎంత తాగుతారో డాక్టరుకు దాచకుండా చెప్పండి. మూడోనాడు ఆస్పత్రి మంచం మీద ఫిట్సు వస్తే ఎందుకు వచ్చిందో తెలియక వాళ్ళు తికమకపడతారు. పరువుకన్న ప్రాణం ముఖ్యం. తాగేవారికి బి1 విటమిను తక్కువగా ఉంటుంది. దాన్ని ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉన్నది. తాగుడు సంగతి డాక్టరుకు ముందే తెలియవలసిన అవసరం ఇందుకు కూడా.

రెండవది, "ఆయనకు తెలియకుండా కూరలో కలపండి, వారంలో మానేస్తారు" అని అమ్మే పొడులు. దయచేసి వీటి జోలికి పోకండి. కొన్ని పొడులలో ఏముందో భగవంతుడికే తెలియాలి. డైసల్ఫిరామ్ అనే మందు కలిపి ఇచ్చి, ఆ సంగతి తెలియక ఆయన తాగితే ముఖం ఎర్రబడి, వాంతులు పట్టుకుని, రక్తపోటు పడిపోయి, గుండెకు కూడా ముప్పు రావచ్చు. ఆ మందు రోగికి అన్నీ వివరించి, అతను ఒప్పుకున్నాక డాక్టరు ఇవ్వవలసినది. తాగాలన్న కోరికను తగ్గించే నాల్ట్రెక్సోన్, అకాంప్రొసేట్ వంటి మందులు కూడా డాక్టర్ల దగ్గర ఉన్నాయి.

మూడవది, మాట్లాడే వేళ. తాగి వచ్చిన రాత్రి ఎంత చెప్పినా గోడకు చెప్పినట్టే. మరునాడు పొద్దున్న తల స్పష్టంగా ఉన్నప్పుడు, పిల్లలు లేని సమయం చూసి, జరిగింది జరిగినట్టు చెప్పండి. "మీరు తాగుబోతు" అనే మాటకన్నా "నిన్న రాత్రి మీరు అరిచినప్పుడు చిన్నది మంచం కింద దాక్కుంది" అనే మాట లోపలికి దిగుతుంది. ఆఫీసుకు "జ్వరం" అని అబద్ధపు చీటీ రాసి పంపడం, అప్పులు మనం తీర్చడం, ఇవి ప్రేమతో చేసేవే అయినా తాగుడుకు ఊతమే అవుతాయి. మానినవాడు మళ్ళీ ఒకసారి తూలాడని అంతా వృథా అనుకోకండి. ఇదీ షుగరులాంటి దీర్ఘరోగమే. తగ్గుతూ పెరుగుతూ దారికి వస్తుంది.

నాలుగవది, చెయ్యి చేసుకుంటే అది "మత్తులో చేసిన పని" కాదు, నేరం. సహించవలసిన అవసరం లేదు. మహిళల సహాయానికి 181, మత్తు మాన్పించే సలహాకు 14446, మానసిక ఆరోగ్య సలహాకు 14416 నంబర్లకు ఫోను చేయవచ్చు. తాగేవారి కుటుంబాలకోసం అల్-అనాన్ అనే బృందాలు కూడా మన దేశంలో ఉన్నాయి. అక్కడ మీ పేరు బయటపెట్టరు. ఆయన మానినా మానకపోయినా మీరు, మీ పిల్లలు నిలబడడం ఎలాగో అక్కడ నేర్చుకోవచ్చు.

నలుగురం కలిసి

పట్నాలలో ఉన్న మనం కూడా చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. కాలనీ సంఘంలో సంతకాలు చేసేది ఎక్కువగా మగవాళ్ళే. ఈసారి మీరూ వెళ్ళండి. బడికి, గుడికి, ఆస్పత్రికి ఇంత దూరంలోగా మద్యం దుకాణం ఉండరాదన్న నిబంధన ఉన్నది. దాన్ని కొలిపించండి. మీ సందులో చాటు అమ్మకం జరుగుతుంటే ఎక్సైజు కార్యాలయానికి పదిమంది సంతకాలతో అర్జీ పెట్టండి. ఒక్కరి పేరుతో పెడితే కక్ష కడతారు, పదిమంది పేర్లుంటే ఆలోచిస్తారు. పెళ్ళిళ్ళలో, పుట్టినరోజు పార్టీలలో "మర్యాదకోసం" సీసాలు పెట్టే ఆచారం కొత్తగా వచ్చింది. మన ఇంట్లో ఆ మర్యాద అక్కరలేదని చెప్పే హక్కు మనది. ఓట్లకోసం వచ్చేవారిని, "ప్రభుత్వ ఆస్పత్రిలో తాగుడు మాన్పించే వార్డు ఉన్నదా? అందులో డాక్టరు ఉన్నాడా?" అని అడగండి. సీసా మీద వచ్చే రాబడిలో కొంతయినా సీసా వల్ల చెడినవారికి ఖర్చు పెట్టమనడం న్యాయమే కద!

మీ పక్కింటి కిటికీ తలుపులు సాయంత్రమయ్యేసరికి మూసుకుపోతుంటే, "ఆవిడ చేతకానితనం" అనకండి. వీధిలో నీరు నిలిచినప్పుడు ఏ ఇంటికి ముందు జ్వరం వస్తుందో ఎవరు చెప్పగలరు? తలుపు తట్టి, "వదినగారూ, డాక్టరు దగ్గరకు నేనూ తోడు వస్తాను" అనండి. నెల్లూరులో ఆ ఉద్యమం మొదలైంది అలాంటి ఒకరిద్దరి మాటతోనే.